పద్నాలుగు చింతపిక్కలు

మా కాలేజీలో ఇంగ్లీషు పాఠం చదవడం మానేసి, ఇంగ్లీషులో పాఠం గురించి మాట్లాడడం మొదలుపెట్టిన ఏడాదే ఐదో నంబరు గది స్లాబు పడిపోయింది. ఈ రెండిటికీ సంబంధం లేదని విచారణ సంఘం తేల్చింది. సంఘంలో ఉన్నవారు పెద్దవాళ్ళు, వాళ్ళ మాట కాదనే ధైర్యం నాకు లేదు. నేను చూసింది నేను చెబుతాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

నా పేరు వేదవతి. గుమ్మిపేట ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. గుమ్మిపేట శ్రీకాకుళం నుంచి గంటంపావు బస్సు దూరం, బస్సు వస్తే. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి ఇంగ్లీషులో ఇరవై మార్కుల నోటి పరీక్ష ఉంటుంది. ఒక పేజీ పాఠం చేతికిస్తాం. చదివి, అందులో ఏముందో, దాని మీద తన అభిప్రాయమేమిటో పిల్లవాడు చెప్పాలి. ఏడు మార్కులొస్తే పాసు. మా పిల్లలు పేజీ చదివి, చెమట తుడుచుకుని, "మేడం, టైగర్ కమింగ్... మ్యాన్ రన్నింగ్... దెన్ మ్యాన్ నాట్ దేర్" అనేవారు. పులి వచ్చిన సంగతీ, మనిషి లేకుండా పోయిన సంగతీ నాకు చక్కగా అర్థమయ్యేవి. ఏడు మార్కులు వేసేదాన్ని.

ఈ పద్ధతి పైవాళ్ళకి నాసిగా కనిపించింది. జూలై నెలలో ఒక ఉత్తర్వు వచ్చింది. "పాఠ సమర్పణకును, చర్చకును ఉపయుక్తములగు ఆంగ్ల పదబంధములు" అని దాని పేరు. మొత్తం నలభై. వెనకాలే వాటిని వివరించడానికి పదబంధ ప్రత్యేకాధికారి డాక్టర్ చయనులు గారు జీపులో దిగారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, నవ్వితే మార్కు తగ్గుతుందేమో అన్నట్టుంటారాయన.

"విద్యార్థి ఏమి చెప్పెను అనునది వ్యక్తినిష్ఠము," అన్నారు మా స్టాఫ్ రూములో నిలబడి. "పదబంధము వాడెనా లేదా అనునది వస్తునిష్ఠము. వస్తునిష్ఠమైనదానినే మనం కొలవగలం. కొలవగలిగినదే విద్య. కావున పదబంధానికి అర మార్కు. నలభై అరలు ఇరవై. సందేహములున్నచో అడగవచ్చును."

నేను చెయ్యెత్తాను. "సార్, పదకొండోది, 'ద టెక్స్ట్ డీల్స్ విత్' అని ఉంది. ఈ పాఠం ఫలానా దాని గురించి అని కదా. దాని తర్వాత ఏం చెప్పాలండీ?"

ఆయన జాబితా చూసుకున్నారు. "పన్నెండవది."

ఇంక సందేహాలు లేవు.

లెక్క పెట్టే సామగ్రి కళాశాల వారే సమకూర్చుకోవాలని ఉత్తర్వులో ఉంది. మా ప్రిన్సిపాల్ సన్యాసినాయుడు గారు ఇంటికెళ్ళి, వాళ్ళావిడ వామనగుంటల కోసం దాచుకున్న చింతపిక్కలు గిన్నెడు పట్టుకొచ్చారు. పిల్లవాడు పదబంధం పలికినప్పుడల్లా పరీక్షాధికారి ఒక పిక్కని గిన్నెలోంచి తీసి పళ్ళెంలో వెయ్యాలి. చివరికి పళ్ళెంలో ఉన్నవి లెక్కపెట్టి సగం చేస్తే మార్కులు. చయనులు గారు ఆ పిక్కల్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. "పారదర్శకమైన విధానం," అన్నారు. వచ్చే నెలకల్లా జిల్లా అంతా చింతపిక్కలే.

మా పిల్లలకి ఇంతకన్నా సుఖం ఏ ఏడూ దొరకలేదు. ఇరవై రెండేళ్ళలో నేను నేర్పలేని ఇంగ్లీషు మూడు వారాల్లో వాళ్ళ నోళ్ళలో తిరగలి తిరిగినట్టు తిరిగింది. "ఎట్ ఫస్ట్ గ్లాన్స్, ద టెక్స్ట్ డీల్స్ విత్, ద రైటర్ డ్రాస్ అవర్ అటెన్షన్ టు, ఇన్ మై హంబుల్ ఒపీనియన్, ఐ పార్ట్‌లీ అగ్రీ, దిస్ లీవ్స్ ద రీడర్ థింకింగ్, టు సమ్ అప్" అంటూ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేవారు. కాంటీన్లో టీలో పంచదార లేదేమిటయ్యా అని అడిగితే, ఆ కాంటీన్ అప్పన్న కూడా "దట్ ఈజ్ ఏ వెరీ గుడ్ క్వశ్చన్" అనేవాడు. అది జాబితాలో ఇరవై తొమ్మిదోది. ఒక పిల్లవాడి తండ్రి నా దగ్గరికొచ్చి మొర పెట్టుకున్నాడు: "గేదెకి గడ్డేసినావేటిరా అనడిగితే 'ఐ పార్ట్‌లీ అగ్రీ' అంటాడమ్మా. ఏసినాడో నేదో తెలీదు, గేదె మాత్రం అరుస్తంది."

ఒక్క పిల్లకి మాత్రం ఇది ఎక్కలేదు. దాని పేరు అసిరితల్లి. వాళ్ళమ్మ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ఆవిడకి రక్తపోటు. రెండేళ్ళ కిందట మందుల కొట్టువాడు పొరపాటున పంచదార జబ్బు బిళ్ళలు ఇస్తే, ఈ పిల్ల బిళ్ళ అట్ట మీదున్న ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, తల్లి నోట్లోంచి బిళ్ళ లాగేసింది. ఆ రోజు నుంచి ఇంగ్లీషులో ఏ కాగితం కనపడినా చివరిదాకా చదవందే వదలదు. ఎరువుల బస్తా, కరెంటు బిల్లు, బిస్కెట్ల పొట్లం, ఏదైనా సరే. నర్సు అవ్వాలని దాని పట్టుదల. నర్సింగ్ స్కూలు వాళ్ళు ఇంటర్లో ఇంగ్లీషు నోటి పరీక్ష పాసైతేనే సీటు అన్నారు. ఏడు మార్కులు, అంటే పద్నాలుగు పిక్కలు. దాని బతుకంతా ఆ పద్నాలుగు పిక్కల మీద ఉంది.

"మేడం, ఇందలో ఏటుందో సెప్పకుండా ఇందలో ఉన్నదాని గురించి ఎలగండి మాటాడ్డం?" అనడిగింది ఓరోజు.

సరైన ప్రశ్న. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేనేమన్నానో తెలుసా? "పన్నెండోది చెప్పమ్మా," అన్నాను.

డిసెంబరులో నమూనా పరీక్ష పెట్టారు. మిగతా పిల్లలు పాఠం కాగితాన్ని తిరగేసి పట్టుకున్నా సరే, ముప్పై పైనే పిక్కలు సంపాదించారు. అసిరితల్లి మాత్రం కాగితం పూర్తిగా చదివి, అందులో ఒక ముసలాయన బావి తవ్వించాడనీ, నీళ్ళు ఉప్పగా పడ్డాయనీ, అయినా ఊరివాళ్ళు ఆయన్ని తిట్టకపోవడం బాగుందనీ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. మధ్యలో ఎక్కడో మూడు పదబంధాలు పొరపాటున దొర్లాయి. మూడు పిక్కలు.

చయనులు గారు ఈ ఫలితాల మీద పరిశోధన చేశారు. జనవరిలో రెండో ఉత్తర్వు వచ్చింది. "పాఠం చదివిన విద్యార్థుల సగటు మూడు. చదవని విద్యార్థుల సగటు ముప్పది నాలుగు. కావున విద్యార్థి ప్రగతికి పాఠమే ప్రధాన అవరోధమని రుజువైనది. ఇకపై నోటి పరీక్షలో పాఠము ఉండదు." పాఠం చదివిన విద్యార్థులంటే ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ సగటంతా మా అసిరితల్లే.

అయితే పాత నిబంధన ప్రకారం పరీక్షలో విద్యార్థి చేతిలో ఒక కాగితం ఉండి తీరాలి. దాన్ని రద్దు చెయ్యాలంటే శాసనసభ దాకా వెళ్ళాలట. అందుకని "ఆంగ్లమున ముద్రితమైన ఏదేని ఒక కాగితము విద్యార్థి చేతికి ఒసంగవలెను" అని రాశారు. అదే ఊపులో, సిబ్బంది ఆదర్శంగా ఉండాలి గనక ఆఫీసు ఉత్తరాల్లో కూడా ఉత్తరానికి మూడు పదబంధాలకి తగ్గకుండా వాడాలన్నారు.

ఆ వారంలోనే భవనాల ఇంజనీరు దగ్గర్నుంచి కాలేజీకి ఒక ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. సన్యాసినాయుడు గారు దానికి జవాబు రాసి, పదబంధాలు సరిగా పడ్డాయో లేదో చూడమని నాకు పంపారు. జవాబు ఇది: "ద రైటర్ డ్రాస్ అవర్ అటెన్షన్ టు ఏ నంబర్ ఆఫ్ ఇష్యూస్. ఐ పార్ట్‌లీ అగ్రీ. దిస్ లీవ్స్ ద రీడర్ థింకింగ్." నేను ఒక కామా సరిచేసి పంపాను. అసలు ఉత్తరంలో ఏముందని అడిగానా? అడగలేదు. పది రోజులకి అదే ఉత్తరం ఎర్ర సిరా గీతలతో మళ్ళీ వచ్చింది.

"చూసినారేటండీ మేడం," అని మురిసిపోయారు ప్రిన్సిపాల్ గారు. "మన జవాబు నచ్చీసినట్టుంది. మళ్ళీ రాసీసినాడు."

ఫిబ్రవరిలో అసలు పరీక్ష. చయనులు గారే స్వయంగా వచ్చారు. పెద్ద అధికారి గనక, ఫ్యాను తిరిగే ఏకైక గది అయిన ఐదో నంబరులో కూర్చోబెట్టాం. పదబంధాలు వినడం ఆయన పని, పిక్కలు వెయ్యడం నా పని. పిల్లల చేతికి ఏదో ఒక ఇంగ్లీషు కాగితం కావాలి కదా, అటెండరు ఆఫీసు బల్ల మీద అన్నిటికన్నా పైనున్న కాగితాన్ని అరవై కాపీలు జిరాక్సు తీయించి తెచ్చాడు.

పరీక్ష దివ్యంగా సాగింది. ఒక్కొక్కరూ రావడం, కాగితం పట్టుకోవడం, దాన్ని చూడకుండా కిటికీలోకి చూస్తూ నలభై అప్పజెప్పడం, దణ్ణం పెట్టి పోవడం. "ద రైటర్ యూజెస్ సింపుల్ బట్ ఎఫెక్టివ్ లాంగ్వేజ్" అన్నాడొకడు. వాడికి తెలియకుండానే అది నిజమైంది. మధ్యమధ్య పైనుంచి సున్నం పెచ్చులు రాలుతున్నాయి. చయనులు గారు టీ కప్పు మీద సాసరు బోర్లించుకున్నారు. పిక్కల గిన్నెలో ఇసుక పడితే నేను ఊదుకుని లెక్కపెట్టాను. ఫ్యాను తిరుగుతున్నదల్లా కొంచెం ఊగడం కూడా మొదలుపెట్టింది. గాలి ఇంకా బాగా వస్తోందనుకున్నాం.

పదిహేడో నంబరు అసిరితల్లి. వచ్చి నమస్కారం పెట్టి, కాగితం అందుకుని, చదవడం మొదలుపెట్టింది.

నెల రోజులుగా దాని వెంటబడి, బతిమాలి, తిట్టి, పదహారు పదబంధాలు కంఠతా పట్టించాను. పద్నాలుగు చాలు, రెండు జారిపోయినా ఫరవాలేదని. అవి చెప్పి వెళ్ళిపోవే తల్లీ అని కళ్ళతో వేడుకున్నాను. అది తలెత్తలేదు. పెదవులు కదుపుతూ చివరి లైను దాకా చదివింది. తర్వాత పైకి చూసింది.

"సార్, లెగండి," అంది.

చయనులు గారు జాబితా మీద వేలు ఆడించారు. "అట్టి పదబంధం లేదు. ఇంగ్లీషున ప్రారంభించుము."

"ప్లీజ్ కమ్ అవుట్, సార్. ద స్లాబ్ విల్ ఫాల్."

"వ్యాకరణం బాగున్నది. జాబితాలో లేదు. సున్న."

"అసిరీ!" అన్నాను పళ్ళ బిగువున. "ముందు ఆ పదహారూ చెప్పీవే. తర్వాత నీ ఇష్టం."

"మేడం, ఆ స్లాబు మీ కుర్సీకి సరిగ్గా పైనే ఉందండి," అంటూ కాగితం నా ముందు పెట్టింది.

చదివాను. ఆర్నెల్లలో నేను మొదటి నుంచి చివరి దాకా చదివిన మొదటి ఇంగ్లీషు కాగితం అదే. ఐదో నంబరు గది స్లాబులో ఊచలు తుప్పు తినేశాయనీ, అది ఏ క్షణాన్నైనా కూలుతుందనీ, లోపల ఎవర్నీ కూర్చోబెట్టొద్దనీ, ముఖ్యంగా ఫ్యాను వెయ్యొద్దనీ ఇంజనీరు మొత్తుకున్నాడు. ఆయన భాష నిజంగానే సింపుల్, ఎఫెక్టివ్. నేను కామా దిద్దింది ఈ ఉత్తరం జవాబుకే.

"సార్, పిల్ల చెప్పింది నిజం. పదండి," అని లేచాను.

"పరీక్ష మధ్యలో పరీక్షాధికారి ఆసనము వీడరాదు. నిబంధన తొమ్మిది," అన్నారాయన. ఆయన తల మీద అరచేతి మందాన పెచ్చు పడింది. దులుపుకున్నారు. "పదునెనిమిదవ విద్యార్థి!"

అప్పుడు అసిరితల్లి ఒక పని చేసింది. చటుక్కున వంగి, పళ్ళెమూ పిక్కల గిన్నే రెండూ చంకలో పెట్టుకుని బయటికి దౌడు తీసింది.

"మూల్యాంకన సామగ్రి!" అని అరిచారు చయనులు గారు. ప్రాణం మీదికొచ్చినా కదలని మనిషి, పిక్కలు పోతున్నాయనేసరికి కుర్చీ తన్నేసి పరుగెత్తారు. "అపహరణ! పట్టుకొనుడు!" అంటూ ఆయన ముందు, వరండాలో నిలబడ్డ పద్దెనిమిదో వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కుంటూ నేను వెనక. మైదానం మధ్యలో ఆయన పిల్లని అందుకుని గిన్నె లాక్కునేసరికి, వెనకాల నుంచి పెద్ద చప్పుడైంది. దుమ్ము సర్దుకునేదాకా ఎవరికీ ఏమీ కనపడలేదు. ఆ తర్వాత చూస్తే ఐదో నంబరు గదిలో ఆయన కుర్చీ ఉండాల్సిన చోట ఫ్యాను ఉంది, ఫ్యాను మీద స్లాబు ఉంది.

చయనులు గారు చాలాసేపు నోరెళ్ళబెట్టి చూశారు. మనిషే కదా, ఇప్పుడైనా ఒక మంచి మాట అంటారనుకున్నాను.

"దిస్ లీవ్స్ ద రీడర్ థింకింగ్," అన్నారు. తర్వాత పళ్ళెంలోకి చూసి, అది ఖాళీగా ఉందని ఖాయం చేసుకుని, మార్కుల కాగితం మీద అసిరితల్లి పేరుకెదురుగా సున్న చుట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ ప్రాణం కాపాడింది సార్ ఆ పిల్ల!"

"కాదనుట లేదు. కానీ ఆ అంశమునకు మార్కులు కేటాయింపబడలేదు."

అసిరితల్లి పంపు దగ్గర మొహం కడుక్కుంటూ ఏడ్చింది. "నాను తప్పు సదవనేదు కదా మేడం?" అంది. "లేదమ్మా, నువ్వొక్కదానివే చదివావు," అన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అంత సిగ్గుపడ్డ రోజు లేదు.

ఊరుకోలేదు నేను. బోర్డుకి అర్జీ పెట్టాను. మామూలు భాషలో రాస్తే ఎవరూ చదవరని తెలిసి, నలభై పదబంధాలూ వరసగా వాడి, మధ్య మధ్య సందుల్లో జరిగిన సంగతి ఇరికించాను. అర్జీకి చాలా మంచి పేరొచ్చింది. ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. ఏప్రిల్లో మూడో ఉత్తర్వు వచ్చింది.

"గుమ్మిపేట ఘటనను క్షుణ్ణముగా పరిశీలించిన మీదట, స్లాబు కూలుటకును పదబంధములకును సంబంధము లేదని తేలినది. అయితే, విద్యార్థిని ఉపయోగించిన 'ప్లీజ్ కమ్ అవుట్, ద స్లాబ్ విల్ ఫాల్' అను వాక్యము ఒక అధికారిని కాపాడినందున అది మిక్కిలి ఉపయుక్తమని సంఘము భావించుచున్నది. కావున దానిని నలభై ఒకటవ పదబంధముగా చేర్చడమైనది. దీని ప్రాధాన్యత దృష్ట్యా ఒక్కదానికే పద్నాలుగు పిక్కలు. వెనుకటి తేదీ నుండి వర్తించదు."

వెనకటి తేదీ నుంచి వర్తించదు గనక అసిరితల్లి తప్పినట్టే. మే నెలలో సప్లిమెంటరీ పరీక్ష రాయక తప్పలేదు. గది లేదు గనక మైదానంలో, ఎండలో గొడుగు కింద పెట్టాం. స్లాబు పడ్డాక మిగిలిన పిల్లలకి మర్నాడు పరీక్ష పెడితే, బెదురుకి పదబంధాలు మరిచిపోయి ఎనిమిదిమంది తప్పారు, అసిరితల్లితో కలిపి తొమ్మిదిమంది. మొదటి ఎనిమిదిమందీ వచ్చి, నిటారుగా నిలబడి, "ప్లీజ్ కమ్ అవుట్, ద స్లాబ్ విల్ ఫాల్" అని చెప్పి, పద్నాలుగేసి పిక్కలు పట్టుకుని పాసైపోయారు. చయనులు గారు ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

తొమ్మిదో మనిషి అసిరితల్లి. ఈసారి దాని చేతిలోకి వచ్చిన కాగితం ఏదో దగ్గు మందు సీసాతో వచ్చినది. పూర్తిగా చదివింది. ఐదేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదనీ, సీసా ఊపి వాడాలనీ ఇంగ్లీషులో చక్కగా చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, నాకు లేచి దాన్ని కావలించుకోవాలనిపించింది. పళ్ళెం ఖాళీగానే ఉంది.

"నలభై ఒకటవది," అన్నారు చయనులు గారు.

అది పైకి చూసింది. గొడుగు, దాని మీద ఆకాశం. "సార్, ఇక్కడ స్లాబు నేదు కదండీ."

"ఉండవలెనని నిబంధనలో లేదు."

అది నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. నర్సింగ్ స్కూల్లో దరఖాస్తుల ఆఖరి తేదీ ఎల్లుండి. నేలకేసి చూస్తూ, తన సొంత మాటని తనే బట్టీపట్టిన పాఠంలా అప్పజెప్పింది. చయనులు గారికి సంతోషమైంది. "భేష్. బాగా కంఠస్థము చేసితివి. ఎవరు నేర్పిరి?" అనడిగారు.

"ఎవులూ నేదండి," అంది.

పద్నాలుగు పిక్కలూ నేనే వేశాను. ఒక్కొక్కటీ చప్పుడయ్యేలా వేశాను. సీటొచ్చింది. ఇప్పుడది ఆసుపత్రిలో మందుల చీటీలు చదువుతోంది. అక్కడి రోగులు అదృష్టవంతులు.

నేను మాత్రం ఆ రోజు నుంచి చేతికొచ్చిన ప్రతి కాగితం చివరిదాకా చదువుతున్నాను. మొన్న ఆఫీసు బల్ల మీద ఇంజనీరు గారి కొత్త ఉత్తరం కనపడింది. ఈసారి ప్రిన్సిపాల్ గారి గదే. చదివిన దాన్ని చదివినట్టు చేత్తో పట్టుకుని ఆ గదిలోకి పరుగెత్తాను.

"నాయుడు గారూ, బయటికి రండి! స్లాబు పడిపోతుంది!" అని అరిచాను.

ఆయన ఫైల్లోంచి తలెత్తకుండా సొరుగు లాగి, పద్నాలుగు చింతపిక్కలు లెక్కపెట్టి నా వైపు జరిపారు.

"పాసండీ మేడం," అన్నారు.